కారుణ్య నియామకం: ముందు ఇన్‌వర్డ్ నంబర్, తర్వాతే మిగతావి

ఉద్యోగం చేసే మనిషి పోయాక ఆ ఇంట్లో మొదటి నెల ఎలా గడుస్తుందో కూడా తెలియదు. దినం భోజనాల దగ్గర ఎవరో ఒక బాబాయి "ఉద్యోగం సంగతి నాకొదిలెయ్యండి, ఆఫీసులో మనవాళ్ళున్నారు" అంటాడు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ గడువు ఆయన కోసం ఆగదు కాబట్టి కాగితాలు మీరే పట్టుకోండి.

కారుణ్య నియామకం అంటే సర్వీసులో ఉండగా చనిపోయిన ఉద్యోగి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇవ్వడం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగుల విషయంలో ఈ స్కీముకి పునాది 1977 అక్టోబరు 3 నాటి 687 నంబరు జీవో. ఆ తర్వాత సవరణలు బోలెడొచ్చాయి గానీ ప్రధానమైన రూలు ఇదీ: మరణించిన తేదీ నుంచి ఏడాది లోపు దరఖాస్తు పెట్టాలి. పిల్లలు మైనర్లయితే 2 ఏళ్ళ లోపు 18 నిండాలి. అంటే నాన్న పోయేనాటికి పిల్లాడికి పదిహేనేళ్ళయితే "వాడు పెద్దయ్యాక చూద్దాం" అంటే కుదరదు, అమ్మో, అర్హత ఉన్న అక్కో ముందుకు రావాల్సిందే.

దరఖాస్తు ఎవరికివ్వాలి? చనిపోయినవారు పనిచేసిన ఆఫీసులో, నియామక అధికారి పేరు మీద. రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసుకొచ్చే కాగితాలు నమోదు చేసుకునే సీట్లో ఇచ్చేసి, రెండో కాపీ మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. "సర్టిఫికెట్లన్నీ వచ్చాక తీసుకురండి" అని గుమాస్తా అంటే, ఉన్నవాటితో ఇప్పుడే ఇస్తాను, మిగతావి జతచేస్తాను అని దరఖాస్తులోనే రాసి ఇవ్వండి. ఇవ్వనిస్తే సరే, లేకపోతే అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి.

కావాల్సినవి: మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంట్లో సంపాదించేవాళ్ళు వేరే లేరన్న ధ్రువపత్రం, చదువు, పుట్టిన తేదీ, కులం పత్రాలు, ఇంకా మిగతా కుటుంబ సభ్యులు "ఫలానావారికి ఇస్తే మాకు అభ్యంతరం లేదు" అని ఇచ్చే నోటరీ అఫిడవిట్. ఈ చివరిదానికి మాత్రం ఆఫీసు కంటే ఇంట్లోనే ఎక్కువ టైం పడుతుంది. అన్నదమ్ములు ముందే కూర్చుని తేల్చుకోండి, ఫైలు కదిలాక పేరు మార్చడం నరకం.

పేర్ల దగ్గర జాగ్రత్త. మా నాన్న సర్వీసు రిజిస్టర్లో (ఉద్యోగి వివరాలన్నీ రాసి ఆఫీసులో ఉంచే పుస్తకం) అమ్మ పేరు "లక్ష్మి" అని ఉంది, ఆధార్‌లో "లక్ష్మమ్మ". ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి నాలుగు నెలలు తిరిగాం. పేర్లలో తేడా ఉందని కూడా మూడో నెలలో గానీ ఎవరూ చెప్పలేదు! అందుకే దరఖాస్తు పెట్టే ముందే సర్వీసు రిజిస్టర్లోని కుటుంబ వివరాల పేజీ అడిగి చూసుకోండి.

అర్హులు భార్య లేదా భర్త, కొడుకు, కూతురు. ఉద్యోగికి పెళ్ళి కాకపోతే తమ్ముడు, చెల్లెలు. పెళ్ళయిన కూతురికి అసలు లేదని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి, షరతులతో అవకాశం ఉంది. పోస్టు సాధారణంగా జూనియర్ అసిస్టెంట్ స్థాయి, లేదా దాని కింద. ఖాళీ లేదని ఆఫీసు చెబితే అక్కడితో ఆగకండి, ఫైలు కలెక్టరుకు పంపి వేరే శాఖలో కేటాయించమని రాతపూర్వకంగా అడగండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు లెక్క వేరు. అక్కడ గ్రూప్ సిలో (గుమాస్తా, ఆ కింది స్థాయి పోస్టులు) నేరుగా భర్తీ చేసే ఖాళీల్లో 5 శాతం వరకే ఈ కోటా. కమిటీ ఏ కుటుంబం ఎక్కువ ఇబ్బందిలో ఉందో పోల్చి చూస్తుంది, అందుకే అప్పులు, అద్దె ఇల్లు, మీద ఆధారపడినవాళ్ళ సంఖ్య, ఇవన్నీ కాగితాలతో చూపించాలి.

ఇది వారసత్వ హక్కు కాదని, ఒక్కసారిగా వచ్చిపడ్డ ఇబ్బందిని గట్టెక్కించడానికే అని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. అందుకే ఏళ్ళ తరబడి ఊరుకుని తర్వాత కోర్టుకెళ్తే, "ఇన్నాళ్ళు బతికారు కదా" అన్న ప్రశ్న ఎదురవుతుంది. పైగా ఒకసారి ఇచ్చిన పోస్టులో చేరాక, పెద్ద పోస్టు ఇమ్మని ఇదే కారణంతో మళ్ళీ అడగడం కుదరదు. చదువు ఉంటే దరఖాస్తులోనే తగిన పోస్టు పేరు రాయండి.

ఫ్యామిలీ పెన్షన్, గ్రాట్యుటీ ఫైళ్ళు వేరే సీట్లో ఉంటాయి. ఉద్యోగం తేలేదాకా వాటిని ఆపాల్సిన పని లేదు, రెండూ ఒకేసారి నడిపించండి. డబ్బులిస్తే ఫైలు ఎగురుతుందనే మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వకండి. నెలకోసారి ఆ ఇన్‌వర్డ్ నంబరు చూపించి ఫైలు ఏ సీట్లో ఉందో అడగండి. నోటితో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.