పచ్చి కర్ర నుంచి విండ్సర్ కుర్చీ: చేతి పనిముట్ల పద్ధతి

ఇంగ్లండ్‌లోని హై వికమ్ పట్టణం చుట్టూ, చిల్టర్న్ కొండల్లో బీచ్ అనే చెట్ల అడవుల్లో, 19వ శతాబ్దంలో విండ్సర్ కుర్చీల (కాళ్లను, వీపును కూర్చునే పలకలోనే గుచ్చి బిగించే కుర్చీల) కాళ్లు తయారయ్యేవి. బాడ్జర్లు అనే పనివారు చెట్టు కొట్టిన చోటే చిన్న పాక వేసుకుని, కాళ్లను, వాటిని కలిపే అడ్డకర్రలను నునుపు చేసి పట్టణంలోని కార్ఖానాలకు అమ్మేవారు. కూర్చునే పలక చెక్కడం, వీపు వంచడం, బిగించడం అక్కడ జరిగేవి. ఈ పద్ధతిలో బలమంతా కర్రను చీల్చడంలోనే ఉంది. రంపం నారను అడ్డంగా తెంచుకుంటూ పోతుంది. చీలిక నార వెంటే నడుస్తుంది కనుక, చీల్చి చేసిన కాలు సన్నగా ఉన్నా విరగదు.

కాలి పొడవు కంటే రెండు అంగుళాలు ఎక్కువగా, ముడులు లేని పచ్చి దుంగను కోసుకోండి. చీల (ఒక అంచు పలచగా ఉండే ముక్క) దిగగొట్టి సరిగ్గా నడిమికి రెండుగా, ఆ సగాలను మళ్లీ సగాలుగా చీల్చండి. ఎప్పుడూ సమాన భాగాలుగానే చీల్చాలి, ఎందుకంటే ఒకవైపు పలచనైతే చీలిక అటే పరుగెత్తి ముక్క పాడవుతుంది. అలా దారి తప్పుతున్నట్టు కనిపించగానే, మందంగా ఉన్న వైపును కిందికి తిప్పి, దానినే వంగేలా అదిమితే చీలిక మెల్లగా మధ్యకు వస్తుంది. ఈ అదుపు చేతికి వచ్చేదాకా మంచి కర్ర ముట్టకపోవడమే మేలు.

తర్వాత గొడ్డలితో మూలలు కొట్టేసి, కాలితో తొక్కితే కర్రను పట్టి ఉంచే గుర్రపు బల్లపై కూర్చుని, రెండు పిడుల కత్తిని ఒంటివైపు లాగుతూ గుండ్రం చేయాలి. ఆపై తరిమెన (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే సాధనం) పట్టాలి. బాడ్జర్ల తరిమెనలో ఒక తాడు పైనున్న, వంగి తిరిగి లేచే వాసం నుంచి దిగి, కర్రను చుట్టుకుని, కాలి పలకకు చేరుతుంది. తొక్కినప్పుడు కర్ర మన వైపు తిరుగుతుంది కనుక అప్పుడే ఉలి ఆనించి, వాసం తాడును వెనక్కి లాగేటప్పుడు కొద్దిగా ఎడం చేయాలి. పచ్చి కర్ర తేలిగ్గా తెగుతుంది, పొట్టు పొడవాటి నాడాల్లా ఊడి వస్తుంది.

ఇక ఆరబెట్టడం. కర్ర వలయాల వెంబడి కుంచించుకునేది, గుండె నుంచి బెరడు దిశగా కుంచించుకునేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది. అందుకే పచ్చిగా గుండ్రంగా ఉన్న కొన ఆరాక కోలగా మారుతుంది. కొనలను కొంచెం లావుగా వదిలి, నీడలో గాలి ఆడేలా పేర్చి, ఆరాకే తుది కొలతకు తేవాలి. అడ్డకర్రల కొనలు కాళ్ల కంటే బాగా పొడిగా ఉండాలి. బెజ్జంలో బిగించాక అవి కాలిలోని తేమను పీల్చి ఉబ్బి, జిగురు మీద భారం పడకుండా పట్టుకుంటాయి.

కూర్చునే పలకకు ఎల్మ్ అనే చెట్టు కర్ర వాడేవారు. దాని నార అల్లుకుని ఉంటుంది కనుక అంచుల దగ్గర బెజ్జాలు వేసినా చీలదు. రెండు అంగుళాల మందపు పలకపై కాళ్లతో నిలబడి, మన వడ్రంగుల బాడిసకు పొడవాటి పిడి వేసినట్టుండే పనిముట్టుతో నారకు అడ్డంగా గుంట తీయాలి. నార వెంట కొడితే చెక్క పెళ్లలుగా లేచిపోతుంది. పాదాల మధ్య పడే దెబ్బ కనుక ప్రతి దెబ్బా చిన్నదిగా ఉండాలి.

కాళ్ల బెజ్జాలను చేతి బరమాతో, ఎంత వాలు కావాలో అంత కోణం పెట్టిన మట్టం పక్కన నిలుపుకుని వేయాలి. కాలి పై కొనలో రంపపు గాటు పెట్టి, కాలిని బిగించి, పైనుంచి గాటులోకి చీల కొట్టండి. ఆ గాటు పలక నారకు అడ్డంగా ఉండాలి; నార వెంట ఉంటే చీల పలకనే చీల్చేస్తుంది. చివరగా కుర్చీని చదునైన బల్లపై నిలిపి, పొట్టి కాళ్ల కింద పలచని ముక్కలు దోపి పలకను సరిచేసి, ఒకే ఎత్తు చెక్కముక్కను బల్లపై జరుపుతూ నాలుగు కాళ్ల చుట్టూ గీత గీసి, ఆ గీతలపై కోయండి.