చిన్న అక్వేరియంలో మొక్కలు నాటే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మొక్కలు కొనే ముందే తొట్టె ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవాలి. కిటికీ ఎండ నేరుగా పడితే 40 లీటర్ల తొట్టెలో నీరు త్వరగా వేడెక్కి, నాచు గాజును కమ్మేస్తుంది.

దుకాణంలో నీటిలో ఉంచి అమ్మే ప్రతిదీ నీటిమొక్క కాదు. డ్రసీనా వంటి నేలమొక్కలు పూర్తిగా మునిగితే క్రమంగా కుళ్లి నీటిని పాడుచేస్తాయి. కొత్తవారికి నేను ముందుగా చెప్పేవి అనూబియాస్, జావా ఫెర్న్. ఇవి తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి, అయితే వేళ్లు పుట్టే లావుపాటి అడ్డకాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది కాబట్టి రాయికో చెక్కకో దారంతో కట్టాలి. క్రిప్టోకోరిన్ అనే మరో నీటిమొక్క ఆకులు నాటిన కొత్తలో కరిగిపోయినా దానిని పీకి పారేయవద్దు. వేరు గట్టిగా ఉంటే మళ్లీ చిగురిస్తుంది.

ఇంటికి తెచ్చిన మొక్కలను నత్తగుడ్ల కోసం ఆకు అడుగున కూడా పరిశీలించి, కడిగి నాటాలి.

దీపం విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. ఈ మొక్కలకు 6500 కెల్విన్ (పగటి వెలుగును పోలిన తెల్లని కాంతి) ఎల్‌ఈడీ సరిపోతుంది. వెలుతురు పెరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్, పోషకాలు కూడా ఎక్కువ కావాలి, అవి అందకపోతే ఆ వెలుతురంతా నాచుకే ఉపయోగపడుతుంది. అందువల్ల మొదటి వారాలలో రోజుకు 6 గంటలు, తరువాత 8 గంటలు మించకుండా టైమర్ పెట్టాలి. దీపం కరెంటు తీగ వెంట జారిన నీరు ప్లగ్గును చేరకుండా తీగను ప్లగ్గుకంటే కిందికి వేలాడనివ్వాలి. నీటిలో చేయి పెట్టే ముందు కరెంటు ఆపాలి.

కత్తిరించిన కొమ్మలను చెరువుల్లోనూ కాలువల్లోనూ ఎప్పుడూ వేయకూడదు. అవి అక్కడ పెరిగి వ్యాపించవచ్చు. మన చెరువులను కమ్మేసే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్కే.