ఒమాహా పోకర్‌లో గెలిచే హ్యాండ్‌ను లెక్కగట్టే పద్ధతి

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో పేకముక్కలు పట్టడం రమ్మీతోనే నేర్చుకున్నవారు చాలామంది. రమ్మీలో చేతికి వచ్చిన 13 ముక్కలూ వరుసల్లోనో సెట్లలోనో ఇమిడితేనే షో అవుతుంది కనుక, ప్రతి ముక్కకూ ఏదో ఒక పని చూపించాలన్న అలవాటు వారిలో బలంగా నాటుకుపోతుంది. ఒమాహాకు వచ్చేసరికి ముందుగా వదులుకోవలసింది ఆ అలవాటునే.

ఇందులో ఒక్కొక్కరికి 4 ముక్కలు పంచుతారు; బల్లపై అందరికీ ఉమ్మడిగా 5 ముక్కలు తెరుస్తారు. హ్యాండ్‌లో, అంటే పోటీకి నిలబెట్టే అయిదు ముక్కల కూర్పులో, చేతి నుంచి కచ్చితంగా 2, బల్ల నుంచి కచ్చితంగా 3 ఉండాలి. పోకర్‌లోనే మరో రకమైన హోల్డెమ్‌లో మాదిరిగా చేతి నుంచి ఒక్కటే తీసుకోవడం గానీ, బల్లపై ఉన్న అయిదింటినే వాడుకోవడం గానీ కుదరదు. హ్యాండ్‌ల హోదా మాత్రం హోల్డెమ్‌లో ఉన్నదే, పెద్దదాని నుంచి చిన్నదానికి: స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే రంగులో, అంటే అన్నీ ఆఠీనులో అన్నీ ఇస్పేటులో అన్నట్టు, వరుసగా అయిదు), ఫోర్ ఆఫ్ ఎ కైండ్ (ఒకే అంకెవి నాలుగు), ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, మరో అంకెవి రెండు), ఫ్లష్ (ఒకే రంగువి అయిదు), స్ట్రెయిట్ (ఏ రంగువైనా వరుసగా అయిదు), త్రీ ఆఫ్ ఎ కైండ్ (ఒకే అంకెవి మూడు), టూ పెయిర్ (రెండు జతలు), పెయిర్ (ఒక జత), హై కార్డ్ (ఇవేవీ లేనప్పుడు పెద్ద ముక్క).

నాలుగింటిలో రెండేసి చొప్పున 6 కూర్పులు, అయిదింటిలో మూడేసి చొప్పున 10 కూర్పులు వస్తాయి, మొత్తం 60. వీటన్నిటినీ వెదకనక్కరలేదు, ముందు బల్లను చదివితే చాలావరకు వాటంతటవే తొలగిపోతాయి. బల్లపై ఒకే రంగువి మూడు లేకపోతే ఎవరికీ ఫ్లష్ లేదు. ఒకే అంకెవి రెండు లేకపోతే ఫుల్ హౌస్ గానీ, ఫోర్ ఆఫ్ ఎ కైండ్ గానీ లేదు.

బల్లపై ఆఠీను రాజు, ఆఠీను 10, కళావరు 9, ఆఠీను 4, డైమాను 2 ఉన్నాయనుకుందాం. ఒకరి చేతిలో ఆఠీను ఆసు, ఇస్పేటు రాణి, డైమాను జాకీ, ఇస్పేటు 4 ఉన్నాయి. ఆసు ఎంత పెద్దదైనా ఆయన చేతిలో ఆఠీను అదొక్కటే కాబట్టి ఫ్లష్ రాదు. రాణి, జాకీలతో 9 నుంచి రాజు వరకు స్ట్రెయిట్ మాత్రమే వస్తుంది. ఎదుటివారి దగ్గర ఆఠీను 7, ఆఠీను 5, కళావరు 8, ఇస్పేటు 3 ఉంటే, చూడటానికి అల్పంగా కనిపించే ఆ 7, 5లే ఫ్లష్ అయి ఆట గెలుస్తాయి.

ఇంతకంటే తికమక పెట్టేది బల్లపైనే ఫుల్ హౌస్ పడినప్పుడు. 9, 9, 9, 4, 4 తెరిచి ఉండగా చేతిలో రాజు, రాణి, జాకీ, 4 ఉన్నవారు తమకూ ఫుల్ హౌస్ ఉందని నమ్ముతారు. నిజానికి వారికి దక్కేది మూడు తొమ్మిదులు, రాజు, రాణి. చేతిలో రెండు రెండ్లు ఉన్నవారు సైతం వారిని ఓడిస్తారు, ఎందుకంటే చేతిలోని ఏ పెయిర్ అయినా ఆ మూడు తొమ్మిదులతో కలిసి ఫుల్ హౌస్ అవుతుంది.

ఇదే నియమం వల్ల పంపకంలో నాలుగు రాజులు రావడం అదృష్టమేమీ కాదు: వాడగలిగేవి రెండే, ఇక అయిదో రాజు ఎక్కడా లేదు. ఒకే రంగువి మూడు రావడమూ నష్టమే, మూడోది బల్లపై పడవలసిన ముక్కను చేతిలోనే బంధించేస్తుంది. వరుసకు దగ్గరగా ఉన్నవి నయం. చేతిలో 9, 8, 5, 4 ఉండి బల్లపై 7, 6, 2 పడితే, తర్వాత వచ్చే ముక్కల్లో 20 స్ట్రెయిట్‌ను పూర్తి చేస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పందెంతో ఆన్‌లైన్ ఆటలను 2020లోనే నిషేధించారు కనుక, ఈ లెక్కలను ఇంట్లో వేరుశనగ గింజలు పెట్టుకుని, నలుగురి ముక్కలూ తెరిచి ఉంచి సాధన చేయడం మేలు.