షేరు కొని ఏళ్ల తరబడి ఉంచుకోవాలంటే

కొనేముందు కంపెనీ వార్షిక నివేదికలు కనీసం ఐదేళ్లవి తెరవండి. లాభం కన్నా ముందు క్యాష్ ఫ్లో పట్టిక (నగదు రాకపోకల లెక్క) చూడాలి. ఐదేళ్ల నికర లాభం కలిపితే 500 కోట్లు, వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు 150 కోట్లే అనుకోండి. అమ్మిన సరుకుకు డబ్బు వసూలు కావడం లేదేమో, గోదాముల్లో నిల్వ పేరుకుపోతోందేమో. కారణం తేలేదాకా దాని జోలికి పోవద్దు. ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపించే ప్రధాన యజమానులు, తమ షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చారా అన్నదీ ముఖ్యమే: ధర పడితే అప్పిచ్చినవాళ్లు వాటిని అమ్మేస్తారు, ధర ఇంకా జారుతుంది.

సొమ్మును నాలుగు భాగాలు చేసి, త్రైమాసిక ఫలితాలు చూసుకుంటూ ఒక్కోటీ పెట్టండి. ఎందుకు కొన్నారో డైరీలో రెండు వాక్యాలు రాసుకోండి. ఆ కారణం చెడితేనే అమ్మాలి, ధర తగ్గిందని కాదు. లిస్టెడ్ షేర్లను (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైనవి) కొన్న ఏడాది దాటాక అమ్మితే, ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షలు మించిన లాభంపై 12.5 శాతం పన్ను. ఏడాదిలోపైతే లాభం మొత్తంపై 20 శాతం.