నెట్ ఎవరు వాడుతున్నారు? లెక్క తీసేటప్పుడు చూసుకోవాల్సినవి

ఇంటర్నెట్ వాడకం మీద ఏ అంకె కనబడినా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: లెక్కపెట్టింది మనుషులనా, కనెక్షన్లనా? మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చేది కనెక్షన్ల లెక్క. 2024 మార్చి ఆఖరుకి మన దేశంలో అవి 95.44 కోట్లు, అందులో పల్లెలవి 40 కోట్లకు కాస్త తక్కువ. ఒకే మనిషి రెండు సిమ్‌లకూ డేటా వేయించుకుంటే ఆ లెక్కలో ఇద్దరవుతారు. ఒక్క ఫోన్‌ని ఇంటిల్లిపాదీ చూస్తే ఒక్కరే. దీన్ని జనాభాతో భాగించి 'ఇంత శాతం మంది' అని రాయడం చాలామంది చేసే తప్పు.

మనుషుల లెక్కకి సర్వేలే దిక్కు. వాటిలో ప్రశ్న ఎలా అడిగారో చూడండి. ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ లెక్కలో, గత 3 నెలల్లో ఎక్కడైనా, ఏ పరికరంతోనైనా ఒక్కసారి వాడినా వాడినట్టే. ఆ కొలతతో 2024లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 68 శాతం మంది నెట్‌లో ఉన్నారు. ధనిక దేశాల్లో 93, బాగా పేద దేశాల్లో 27. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం 2019-21లో 'ఎప్పుడైనా వాడారా' అని అడిగింది. ఈ రెండిటినీ ఒకే పట్టికలో పెట్టకండి.

ఆడా మగా తేడాని కొలిచేటప్పుడు ఇంకో చిక్కు. ఆ కుటుంబ సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో నెట్ వాడామన్న ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8. తెలంగాణలో 26.5, 57.4. తీసివేస్తే ఆంధ్రలో తేడా 27.8 పాయింట్లు, తెలంగాణలో 30.9. అంటే తెలంగాణ వెనకబడినట్టు. భాగించి చూడండి: ఆంధ్రలో 100 మంది మగవాళ్లకి 43 మంది ఆడవాళ్లు, తెలంగాణలో 46. ఇప్పుడు ఆంధ్ర వెనకబడింది! రెండూ నిజమే. అందుకే రెండూ రాయాలి, అసలు శాతాలతో సహా.

వాడని వాళ్లందరికీ సిగ్నల్ లేదనుకోవద్దు. టవర్ అందని జనం ప్రపంచంలో 4 శాతం దాకానే. సిగ్నల్ ఉండీ వాడనివాళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఫోన్ ధర, చదువు, ఇంట్లో ఒప్పుకోకపోవడం లాంటివి అక్కడ అడ్డం.

రీఛార్జి భారం లెక్కకి అంతర్జాతీయంగా పెట్టుకున్న గీత, నెలకి తలసరి ఆదాయంలో 2 శాతం. ఇక్కడ 28 రోజుల ప్లాన్ మోసం చేస్తుంది: ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జిలు. 300 రూపాయల ప్లాన్ అసలు ఖర్చు నెలకి 325. అది 2 శాతం దాటకూడదంటే నెలకి 16,250 రావాలి. పైగా తలసరి అంటే సగటు. కూలీ ఇంటి లెక్క విడిగా వేయాల్సిందే.

మీ ఊళ్లో మీరే సర్వే చేస్తుంటే 'ఇంటర్నెట్ వాడతారా' అని అడగొద్దు. 'నాకు అవన్నీ రావండీ' అంటూనే చేతిలో యూట్యూబ్ నడుస్తూ ఉంటుంది. ఇలా అడగండి: 'అమ్మా, ఈ 3 నెలల్లో మీరు ఫోన్‌లో వాట్సాప్ గానీ, యూట్యూబ్ గానీ, ఫోన్‌పే గానీ చూశారా?' తర్వాత ఫోన్ ఎవరిది, ఎవరినైనా అడిగి తీసుకోవాలా, రీఛార్జి ఎవరు చేయిస్తారు అన్నవి. ప్రశ్న ఎవరినైతే అడిగారో వాళ్లే జవాబివ్వాలి. పక్కనుంచి భర్తో కొడుకో చెప్పేస్తే ఆ కాగితం పక్కన పెట్టండి. పగలు 11కి వెళ్తే పనికెళ్లినవాళ్లు దొరకరు, సాయంత్రం 6 దాటాక కూడా ఒక విడత తిరగండి. లాటరీ తీసినట్టు ఎంచిన 100 మంది ఆడవాళ్లు, 100 మంది మగవాళ్లతో వచ్చే శాతం ఒక్కోటీ 10 పాయింట్ల దాకా అటూఇటూ కావచ్చు. రెండు వాడల మధ్య 5 పాయింట్ల తేడా వస్తే దాన్ని తేడాగా రాయకండి.