ఇన్సూరెన్స్ లేకుండా పంటి వైద్యం: విశాఖలో ఏ పని ఎక్కడ చేయించుకోవాలి

పంటి వైద్యంలో జేబుకు చిల్లు పెట్టేది ముందుగా ఆలస్యమే. పిప్పి పన్ను పైపైన ఉన్నప్పుడు ఒక ఫిల్లింగ్‌తో సరిపోతుంది. నరం దాకా పాకితే రూట్ కెనాల్, దాని మీద క్యాప్ పడతాయి. ఇంకా ఊరుకుంటే పన్ను తీయించుకుని, ఆ ఖాళీలో వేరే పన్ను కట్టించుకోవాలి. మామూలు హెల్త్ పాలసీలు చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్లకు డబ్బివ్వవు. అందుకే పాలసీ ఉన్నా లేకపోయినా ఈ విషయంలో పెద్ద తేడా ఉండదు.

విశాఖలో ఖర్చు తగ్గించుకోవడానికి ఒక లెక్క గుర్తుంచుకోండి. ఒక్కసారి కూర్చుంటే అయిపోయే చిన్న పనులు ఇంటి దగ్గరి క్లినిక్‌లోనో, గవర్నమెంటు ఆసుపత్రిలోనో చేయించుకోండి. నాలుగైదుసార్లు తిరగాల్సిన పెద్ద పనులకు డెంటల్ కాలేజీకి వెళ్లండి. గాజువాక నుంచి రుషికొండలోని డెంటల్ కాలేజీకి ఒక చిన్న ఫిల్లింగ్ కోసం వెళితే మిగిలిన డబ్బు బస్సు ఛార్జీకీ, పోయిన రోజు కూలికీ సరిపోతుంది.

ముందు ఇంట్లో కార్డులు వెతకండి

ఇన్సూరెన్స్ లేదనుకునేవాళ్లలో చాలామందికి ఈఎస్‌ఐ (జీతంలోంచి కొంత కోసి ఉద్యోగులకు ఇచ్చే ప్రభుత్వ బీమా) ఉంటుంది. దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మా సిటీ, స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టర్లు, షాపింగ్ మాల్స్, సెక్యూరిటీ ఏజెన్సీలు, ఇలా ఎక్కడ పనిచేస్తున్నా జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉంటే జీతం చీటీ ఒకసారి చూడండి. 0.75 శాతం కోత కనిపిస్తే అది ఈఎస్‌ఐ. పది అంకెల ఐపీ నంబరు (ఈఎస్‌ఐలో మీ బీమా నంబరు) హెచ్‌ఆర్‌ వాళ్లను అడిగి తీసుకోండి. వైద్యం మీకే కాదు, భార్య లేదా భర్తకూ, పిల్లలకూ, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. ముందు మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లాలి. అక్కడి నుంచి చీటీ రాయించుకుని మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లాలి. చీటీ లేకుండా నేరుగా వెళితే తిప్పి పంపేస్తారు, ఆ రోజు పోయినట్టే.

రైల్వే, పోర్టు, స్టీల్ ప్లాంట్, నేవీ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో రిటైరైన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల మెడికల్ కార్డులో మీ పేరు ఉందేమో అడగండి. కార్డు ఎప్పుడో చేయించి మరిచిపోయిన ఇళ్లు తక్కువేమీ కాదు.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నా ఫిల్లింగ్, రూట్ కెనాల్, కట్టుడు పళ్లు అందులో రావు. దవడ ఎముక విరగడం, నోటి క్యాన్సర్ లాంటి పెద్ద చికిత్సలకే అది పనికొస్తుంది.

కేజీహెచ్ డెంటల్ విభాగం

మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో దంత విభాగం ఉంది. పన్ను తీయించుకోవడం, చీముకు వైద్యం, దవడ దెబ్బలు, ఎక్స్‌రే, మందులకు ఇది మంచి చోటు. క్యాప్‌లు, పళ్ల సెట్ల కోసం మాత్రం ఇక్కడికి రాకండి. అవి ల్యాబ్‌లో తయారయ్యేవి, వాటికి కాలేజీలే దారి.

ఓపీ పొద్దున్నే. కౌంటరు తెరిచే వేళకే లైన్లో ఉండండి, సోమవారం మానుకోండి. ఆధార్ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) ఉంటే కౌంటరు దగ్గరి క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి టోకెన్ తీసుకోవచ్చు, చాంతాడంత లైను తప్పుతుంది. పన్ను తీయించుకోవడానికి వెళితే టిఫిన్ తినే వెళ్లండి. ఖాళీ కడుపుతో మత్తు ఇంజెక్షన్ వేయించుకుని కుర్చీలోనే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు. షుగరు, బీపీ ఉంటే ఈమధ్య చేయించిన రిపోర్టు తీసుకెళ్లండి. అది లేక పని వాయిదా పడడం రోజూ జరిగేదే. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి.

డెంటల్ కాలేజీలు

విశాఖకు దగ్గర్లో రెండున్నాయి: రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెంటల్ సైన్సెస్. రెండూ ప్రైవేటువే. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి తప్ప ఇక్కడ లేవు. రుషికొండకు భీమిలి బీచ్ రోడ్డు బస్సులు, సంగివలసకు తగరపువలస మీదుగా భీమిలి వెళ్లే బస్సులు ఎక్కాలి.

ఇక్కడ ఫీజు తక్కువ ఎందుకంటే వైద్యం చేసేది విద్యార్థులు, వాళ్ల చదువు పూర్తికావాలంటే ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని పళ్ల సెట్లు చేసి చూపించాలన్న లెక్క ఉంటుంది. వాళ్లకు పేషెంట్లు కావాలి, మీకు తక్కువ ఖర్చు కావాలి. ప్రతి దశలోనూ పై డాక్టరు వచ్చి చూసి సరే అన్నాకే ముందుకు వెళతారు. అందుకే బయట అరగంటలో అయ్యేది ఇక్కడ పూట పడుతుంది. భయపడాల్సింది విద్యార్థి చేతికి కాదు, మీరు మధ్యలో మానేయడానికి.

మొదటిసారి వెళ్లినప్పుడు ఓపీ చీటీ రాయించుకోగానే ఓరల్ మెడిసిన్ విభాగానికి పంపుతారు. అక్కడ నొప్పి ఉన్న పన్ను ఒక్కటే కాక నోరంతా చూసి, ఎక్స్‌రే తీసి, ఏ పంటికి ఏం కావాలో రాస్తారు. ఈ కాగితం చాలా విలువైనది. ఇక్కడ వైద్యం చేయించుకోకపోయినా దీన్నీ, ఎక్స్‌రేనూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఏ క్లినిక్‌లోనైనా పది పళ్లకు ఫిల్లింగ్ కావాలంటే ఇది చూపించి అడగొచ్చు.

తర్వాత పనిని బట్టి విభాగాలు మారతాయి. రూట్ కెనాల్, ఫిల్లింగ్‌లకు కన్జర్వేటివ్, గార తీయడానికి, చిగుళ్లకు పెరియో, పన్ను తీయడానికి ఓరల్ సర్జరీ, క్యాప్‌లు, కట్టుడు పళ్లకు ప్రోస్తో, ఎత్తు పళ్లకు క్లిప్పులు వేయాలంటే ఆర్థో, పిల్లలకు పెడో. ఒక విభాగంలో పని అయ్యాక రెండో విభాగానికి మీరే గుర్తుచేయాలి. రూట్ కెనాల్ అయిపోయింది కదా అని ఇంటికి వెళ్లిపోయి, క్యాప్ వేయించుకోక, ఆరు నెలలకు దవడ పన్ను నిలువునా చీలి వచ్చేవాళ్లు ప్రతిచోటా కనిపిస్తారు. అప్పుడిక ఆ పన్ను తీయడమే, పెట్టిన డబ్బంతా వృథా.

కాలేజీలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. దవడ పంటికి రూట్ కెనాల్ అయితే పీజీ డాక్టరు చేస్తారా అని అడగండి. వెనక పళ్లలో మూడు నాలుగు కాలువలు ఉంటాయి, ఒకటి వదిలేసినా నొప్పి తిరగబెడుతుంది. క్లిప్పులకైతే చేసే పీజీ ఏ ఏడాదిలో ఉన్నారో కనుక్కోండి. క్లిప్పులకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, పీజీ కోర్సు మూడేళ్లే. ఆఖరి ఏడాది వాళ్లతో మొదలుపెడితే మధ్యలో చేయి మారుతుంది. విద్యార్థి ఫోన్ నంబరు, తర్వాతి తేదీ కుర్చీ దిగకముందే తీసుకోండి. పరీక్షలు, సెలవులు ఎప్పుడో కూడా అడగండి.

రూట్ కెనాల్ మధ్యలో పంటిలో పెట్టేది తాత్కాలిక సిమెంటు. అది కొన్ని వారాలకే అరిగి ఊడుతుంది, ఉమ్మి లోపలికి దిగి మళ్లీ చీము పడుతుంది, పని మొదటికొస్తుంది. పండక్కి ఊరెళ్లేది ఉంటే ముందే చెప్పి తేదీ సర్దుకోండి.

పళ్ల సెట్టు కట్టించుకోవాలంటే

పళ్లన్నీ తీసేశాక చిగురు, ఎముక సర్దుకోవడానికి మామూలుగా రెండు మూడు నెలలు ఆగుతారు. తొందరపడి ముందే కట్టించుకుంటే ఎముక తగ్గేకొద్దీ సెట్టు వదులవుతుంది. కొలతలు రెండుసార్లు తీస్తారు, ఆ తర్వాత పై, కింది దవడలు ఎలా కలుస్తున్నాయో (కొరుకు) చూస్తారు, మైనంలో పళ్లు పెట్టి సరిచూస్తారు, చివర సెట్టు ఇస్తారు. అంటే దాదాపు ఐదుసార్లు తిరగాలి.

వీటిలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మైనం సెట్టు పెట్టి చూసే రోజున. పన్ను రంగు, పొడవు, నవ్వితే కనిపించే తీరు, 'ఫ', 'వ' పలికేటప్పుడు ఇబ్బంది, అన్నీ అప్పుడే చెప్పాలి. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి. గట్టి సెట్టు తయారయ్యాక మార్చాలంటే మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇచ్చిన వారంలో పుండ్లు పడితే మీరే ఇంట్లో ఆకురాయితో అరగదీయకండి. తీసుకెళ్తే నిమిషాల్లో సరిచేస్తారు.

ప్రైవేటు క్లినిక్‌లో బేరం ఎలా

ద్వారకానగర్‌లోనో, మద్దిలపాలెంలోనో ఏ క్లినిక్‌కు వెళ్లినా మొదటి రోజు చూపించుకుని, చిన్న ఎక్స్‌రే తీయించుకుని ఇంటికి రండి. నొప్పి, చీము లేకపోతే ఆ రోజే డబ్బు కట్టే పని లేదు. కాగితం మీద రాసి ఇవ్వమనండి: ఏ పన్ను, ఏ పని, ఎన్ని సిట్టింగులు, ఎక్స్‌రేలు అందులోనే కలిసి ఉన్నాయా, క్యాప్ ఏ రకం, పన్ను సగం విరిగి ఉంటే లోపల పోస్టుకు (క్యాప్‌ను నిలబెట్టే పుల్లకు) విడిగా ఎంత. రూట్ కెనాల్‌కు చెప్పిన రేటులో చాలాచోట్ల క్యాప్ ఉండదు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. రోగానికి చేసే వైద్యానికి జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. డబ్బు సిట్టింగుకు ఇంతని కట్టండి.

క్యాప్ దగ్గర డబ్బు బాగా తగ్గించుకోవచ్చు. ఎవరికీ కనిపించని వెనక దవడ పంటికి పూర్తి మెటల్ క్యాప్ చాలు. గట్టిది, చవక, దానికోసం పన్ను అరగదీసేది కూడా తక్కువ. నికెల్ పడనివాళ్లు ముందే చెప్పాలి. ముందు పళ్లకు సిరామిక్. జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి రకం సిరామిక్) కావాలనుకుంటే కంపెనీ వారంటీ కార్డు అడిగి తీసుకోండి. చివరి జ్ఞానదంతం లాంటిది, ఎదురుగా పన్ను లేనిది పాడైతే దానికి రూట్ కెనాల్ చేయించడం కన్నా తీయించేయడం మేలు. మొదటి దవడ పన్ను మాత్రం వీలైనంతవరకు నిలబెట్టుకోండి. అది పోతే పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది, నమలడమే మారిపోతుంది.

గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న మాట పట్టించుకోకండి. కదిలే పళ్లను అప్పటిదాకా గార అంటిపెట్టుకుని ఉంటుంది, తీశాక అసలు సంగతి బయటపడుతుందంతే.

చవకగా కనిపించి ముంచేవి

రోడ్డు పక్కన పన్ను కట్టేవాళ్లు అక్కడికక్కడే ప్లాస్టిక్ పిండి కలిపి, పక్క పళ్లకు తీగ చుట్టి అంటించేస్తారు. దాన్ని తీసి కడగడం కుదరదు. కింద అన్నం మెతుకులు కుళ్లి, ఏడాది రెండేళ్లలో గట్టిగా ఉన్న పక్క పళ్లు కూడా కదులుతాయి. సరిగా శుభ్రం చేయని పనిముట్లతో హెపటైటిస్ బి, సి అంటుకునే ప్రమాదం వేరే. బోర్డు మీద బీడీఎస్ లేదా ఎండీఎస్ డిగ్రీ, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు లేని చోట నోరు తెరవకండి.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే నొప్పి తగ్గుతుంది, పంటి లోపలి చీము మూలం అక్కడే ఉంటుంది. డాక్టరు రాస్తేనే వాడండి. రాసినవి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, పారాసిటమాల్ లాంటివైతే జనఔషధి కేంద్రంలో చవకగా దొరుకుతాయి. ఆస్పిరిన్ బిళ్లను చిగురు మీద పెట్టుకోకండి, అది కండను కాల్చేస్తుంది. లవంగ నూనె చుక్క దూది మీద వేసి పంటి రంధ్రంలో పెట్టుకోవచ్చు, అదీ ఆ రాత్రి గడవడానికే.

రేటు చూడకూడని వేళలు

దవడ కింద వాపు మెడకు దిగుతున్నా, నోరు తెరవలేకపోతున్నా, మింగుడు పడకపోయినా, జ్వరంతో ఊపిరి కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి కేజీహెచ్ క్యాజువాలిటీకి వెళ్లండి. పంటి చీము గొంతు వైపు పాకితే గంటల్లో ఊపిరి ఆడకుండా చేస్తుంది.

రెండోది నెమ్మదిగా వచ్చేది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని) తాగే అలవాటున్న ఆడవాళ్లలో, ఖైనీ, గుట్కా వేసేవాళ్లలో అంగిలి, బుగ్గ లోపల తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే డెంటల్ కాలేజీ ఓరల్ మెడిసిన్ విభాగంలో చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపుతారు. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోటి క్యాన్సర్ పరీక్ష ఉచితం. క్యాన్సరని తేలితే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు వైద్య సేవ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు అసలు కాపీలు వెంట ఉంచుకుని, డబ్బు కట్టే కౌంటరు కన్నా ముందు వైద్య సేవ హెల్ప్ డెస్క్ ఎక్కడో అడగండి.