మన ఒంటిని మనం చదువుకుందాం – 4వ పాఠం: ఆకలి (ముందు కఫం గొడవ తేల్చాలి)

ఈ వారం ఆకలి గురించి చెప్తానన్నాను, చెప్తాను. కానీ మూడో పాఠం పెట్టిన దగ్గర్నుంచి నా ఫోన్ ఆగలేదండి, ముందు దాని సంగతి చూడాలి. వాత పిత్త కఫ (ఒంటిని నడిపేవి ఈ మూడు దోషాలే అంటుంది ఆయుర్వేదం) లక్షణాలు రాసి మీ ప్రకృతి ఏదో గుర్తుపట్టండి అన్నాను గానీ గుర్తుపట్టాక ఏం చెయ్యకూడదో రాయలేదు, అది నా తప్పే.

రాజోలు వైపు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "పిన్నిగారూ నాకు అన్నీ కఫం లక్షణాలే వచ్చాయండి, దీన్ని పిత్తం చేసుకోవాలంటే ఎన్నాళ్ళు పడుతుందండి?" అంది. అప్పటికే తొమ్మిది రోజుల నుంచి రాత్రి అన్నం మానేసిందంట, పెరుగు ముట్టుకోవట్లేదంట, పొద్దున్నే పరగడుపున మరిగే నీళ్ళల్లో తేనె, నిమ్మరసం కలిపి తాగుతోందంట, నాలుగో రోజున కళ్ళు తిరిగి బీరువా పట్టుకుని కింద కూలబడిందంట. భీమవరం కుర్రాడొకడు ఇంకోలా రాశాడు, నాది పిత్తం అని తేలింది కాబట్టి నా కోపం నా తప్పు కాదని మా అమ్మకి చెప్పేశానండీ అని. మండపేట పెద్దాయన ఒకరు జీవితమంతా బక్కగానే ఉన్నాను, వాతం పోయి ఒళ్ళు చేసే లేహ్యం ఏదైనా చెప్పమన్నారు.

ముగ్గురూ ఒకే గోతిలో పడ్డారు. ఈ గొయ్యి చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది అందుకే ఇవాళ సగం పాఠం దీనికే పోతుంది, ఏమీ అనుకోకండి.

ప్రకృతి అంటే మనం అమ్మ కడుపులో పడ్డప్పుడే కుదిరిపోయిన కట్టుబడి. అది బతికున్నన్నాళ్ళు మారదని పాతకాలపు ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడు తేల్చి చెప్పాడు. అక్కడే ఇంకో మాట కూడా అన్నాడు, విషంలో పుట్టిన పురుగుని ఆ విషం ఎలా చంపదో మనిషిని తన ప్రకృతి కూడా అలాగే బాధించదని. ఆ మాట నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు అరుగు మీద కూచున్నాను. అంటే నా ఒళ్ళు ఇలా పుట్టడం నాకు జబ్బు కాదు.

మన రైతుల్ని అడగండి. చేలో నల్లమట్టి నీళ్ళు పట్టి ఉంచుతుంది, అక్కడ వరి వేస్తాం. లంకలో ఒండ్రు, ఇసక, నీళ్ళు దిగిపోతాయి, అక్కడ అరటి వేస్తాం, కూరగాయలు వేస్తాం. లంకభూమి చేనులా లేదని ఎవరూ తిట్టరు కదా. అదే చేలో డ్రెయిన్ పూడిపోయి వారం రోజులు నీళ్ళు నిలిచిపోయాయనుకోండి, ఊడ్చిన చేను కుళ్ళిపోద్ది, అప్పుడు రైతు పార పట్టుకెళ్ళి పూడిక తీస్తాడు, అంతేగానీ మట్టి మార్చెయ్యాలని చూడడు. ప్రకృతి మట్టి, వికృతి (అంటే దోషం పెరిగి ఒంట్లో వచ్చే తేడా) పూడిక. మనం బాగు చేసుకోవాల్సింది వికృతిని.

కాబట్టి "నేను కఫం" అనకండి. "నాది కఫ ప్రకృతి" అనండి, అది ఒక మాట. "ఈమధ్య నాలో కఫం పెరిగింది" అనండి, అది వేరే మాట. కఫ ప్రకృతి అంటే నిదానంగా నేర్చుకుని నేర్చుకున్నది మర్చిపోకపోవడం, ఓపిక, గట్టి కీళ్ళు, మంచి నిద్ర, ఒక పూట ఆలస్యమైనా తట్టుకునే ఆకలి, నున్నటి చర్మం. వీటిల్లో ఏది తీసెయ్యమంటారు? కఫం పెరగడం అంటే లేవగానే ఒళ్ళు బరువు, నాలుక మీద తెల్లటి పూత, గొంతులో కళ్ళె, తిన్న వెంటనే మగత. ఇవి తగ్గించుకోవాలి, తగ్గుతాయి కూడా. పిత్తం సంగతీ ఇంతే, చురుకుదనం ప్రకృతి, అరుపులు పెరిగిన పిత్తం, కాబట్టి ఆ బాబు వెళ్ళి వాళ్ళమ్మకి సారీ చెప్పాలి. పెద్దాయనకి లేహ్యాలేం వద్దు, వేళకి తిని నూనె రాసుకుంటే చాలు.

ఇంకో సంగతి, మనం ఉండేచోటు, ఈ గోదావరి డెల్టా. నీళ్ళు, చెట్లు, తేమ ఎక్కువున్న నేలని ఆయుర్వేదంలో ఆనూప దేశం అంటారు, అక్కడ కఫం పెరగడం సహజం అంటారు. చుట్టూ కాలవలు, కొబ్బరితోటలు, మూడుపూటలా వరన్నం, చేపలు, బెల్లం, గడ్డపెరుగు, మనది అచ్చంగా అదే. అంటే మీలో పెరిగిన కఫంలో కొంత ఈ నేలది, మీ బద్ధకం మీద వేసుకోకండి.

నా సంగతి చెప్తాను. ఇరవై రెండేళ్ళప్పుడు మా అక్కలా సన్నగా అవ్వాలని రెండేళ్ళు ఒంటిపూట తిన్నాను. అక్కది వాత ప్రకృతి, ఎంత తిన్నా అంతే. నాకేమో జుట్టు ఊడింది, నెలసరి ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు, నడుం కొలత మాత్రం అక్కడే ఉంది. అట్లతద్దికి మా అమ్మ పెట్టిన అట్టు నోట్లో పెట్టుకుంటే ఏడుపొచ్చేసింది, తింటున్నందుకు సిగ్గేసి. ఇప్పుడు నాకు యాభై మూడు, ఒళ్ళు అదే ఒళ్ళు. రోజూ రాత్రి నువ్వులనూనె గోరువెచ్చగా చేసి అరికాళ్ళకి రాసుకుంటాను (తల, చెవులు, అరికాళ్ళు, ఈ మూడుచోట్లా ముఖ్యంగా రాయమని ఇంకో ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు చెప్పాడు, ఎండాకాలం నేను కొబ్బరినూనెకి మారతాను, జలుబు చేసినప్పుడూ అరగనప్పుడూ అసలు రాయను). రాసేటప్పుడు పాదం ఒళ్ళో పెట్టుకుని బొటనవేలు దగ్గర్నుంచి మడమ దాకా వేలితో మెల్లగా నొక్కుతాను. మడమ దగ్గర చిన్న పగులుంది, అక్కడ నూనె నిలబడి మెల్లగా లోపలికి ఇంకుతుంది, అది ఇంకేదాకా చూస్తాను. రెండో కాలికి కూడా అంతే. ఇరవై రెండేళ్ళప్పుడు నా కాళ్ళని నేను ఇలా చూసుకోలేదు.

ఇక ఆకలి. తిన్నది అరిగించే శక్తిని ఆయుర్వేదంలో అగ్ని అంటారు, అది నాలుగు రకాలు. వేళకి ఆకలేసి తిన్నది హాయిగా అరిగితే సమాగ్ని, ఒకరోజు అరిగి ఒకరోజు అరక్కపోతే విషమాగ్ని (వాతం), ఎంత తిన్నా మళ్ళీ ఆకలి, మంట ఉంటే తీక్ష్ణాగ్ని (పిత్తం), కొంచెం తిన్నా కడుపులో రాయి పెట్టినట్టుంటే మందాగ్ని (కఫం). ఇప్పుడు వానలు కాబట్టి ఏ ప్రకృతి వాళ్ళకైనా అగ్ని కొంచెం తగ్గే ఉంటుంది, కంగారు పడకండి.

అరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? త్రేన్పు చూడండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆవపెట్టిన పనసపొట్టు కూర, పప్పుచారు, పెరుగు వేసుకుని తిన్నారు. సాయంత్రం ఐదింటికి త్రేన్పు వచ్చింది, అందులో ఆవ వాసన తగిలింది. అంటే కూర ఇంకా లోపలే ఉంది. అప్పుడు పక్కింటావిడ ప్రేమగా పళ్ళెంలో బజ్జీలు తెచ్చిందని తింటే దాన్ని అధ్యశనం అంటారు, అరక్కముందే మళ్ళీ తినడం, సగం రోగాలు అక్కడే మొదలవుతాయని నా నమ్మకం. ఏ వాసనా లేని త్రేన్పు, ఒళ్ళు తేలిక, పని చెయ్యాలనిపించడం, విరోచనం సాఫీగా అవడం, ఆకలి, దప్పిక, ఇవన్నీ కలిస్తే అరిగినట్టు. నోరూరడం ఒక్కటీ ఆకలి కాదు.

అగ్ని మందంగా ఉంటే నేను చేసేది ఒకటే, మొదటి ముద్ద వేడన్నంలో శొంఠిపొడి, నెయ్యి. మంట ఉన్నవాళ్ళు శొంఠి జోలికి వెళ్ళకుండా ధనియాలు రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు తాగండి. కడుపులో సగం అన్నానికి, పావు నీళ్ళకి, పావు గాలికి. రాత్రి పెరుగు వద్దు, పల్చటి చల్ల చాలు. తేనె వేడి నీళ్ళల్లో కలపకూడదని శాస్త్రమే చెప్తుంది, ఆ అలవాటున్నవాళ్ళు ఇవాళే మానెయ్యండి.

షుగరుకి, బీపీకి మందులు వాడేవాళ్ళు ఈ పాఠం చదివి ఏదీ ఆపొద్దు, పూటలు కూడా మానొద్దు. ఉన్నట్టుండి ఒళ్ళొచ్చి, జుట్టూడి, నీరసంగా ఉంటే కఫం అనుకుని కూచోకుండా థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. రాజోలు అమ్మాయికి కూడా చేయించమన్నాను, అంతా బానే ఉందంట. ఇప్పుడు రాత్రి ఏడున్నరకల్లా చారన్నం, చల్ల అన్నం తింటోంది. కళ్ళు తిరగడం తగ్గిందా అంటే "ఆయ్, తగ్గిందండి, కానీ అద్దం ముందు నిలబడితే ఇంకా బాధగానే ఉంది" అంది. ఉంటుంది తల్లీ, తొమ్మిది రోజుల్లో వచ్చిన బాధ కాదు కదా.

స్వస్థుడు అనే మాట ఉంది చూడండి, తనలో తాను ఉన్నవాడని అర్థం. సుశ్రుతుడు ఆరోగ్యానికి లక్షణాలు చెప్తూ దోషాలు, అగ్ని, ధాతువులు (రక్తం, మాంసం, ఎముక లాంటివి) సమంగా ఉండాలన్నాక ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలని కూడా చేర్చాడు. అందుకే ఈసారి అభ్యాసం కొంచెం కష్టంగా ఇస్తున్నాను.

పదకొండు రోజులు. బరువు చూసుకునే మిషను అటక మీద పెట్టెయ్యండి. ఒక నోట్‌బుక్కులో రోజూ మూడు ముక్కలు రాయండి: తినబోయే ముందు త్రేన్పు ఎలా ఉంది, తిన్న గంటకి ఒళ్ళు ఎలా ఉంది, రాత్రి అరికాళ్ళకి నూనె రాసుకున్నప్పుడు (రాయకూడని రోజైతే ఊరికే పాదం పట్టుకుని చూసినప్పుడు) ఏమనిపించింది. మూడోది తిట్టైనా సరే, ఏడుపైనా సరే, ఉన్నదున్నట్టు రాయండి, నాకు పంపక్కర్లేదు. ఒక రోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టక్కర్లేదు, మర్నాడు రాయండి. మొదటి రోజు మాత్రం ఆదివారం పెట్టుకోకండి, ఆదివారం మన ఇళ్ళల్లో చేపల పులుసు ఉంటుంది, ఐదింటి త్రేన్పు ఏం చెప్తుందో ఇప్పుడే చెప్పగలను.